వీగన్ వైన్ ఎంచుకోవాలంటే: దేనితో తేర్చారో అడగండి

వైన్ అంటే ద్రాక్షరసం పులిస్తే వచ్చేదే కదా, అందులో జంతువు ఎక్కడిది? వీగన్‌గా మారిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. పాలు, పెరుగు, తేనె అన్నీ ఆపేశాను. తోలు బెల్టు కొనడం కూడా మానేశాను. వైన్ మీద మాత్రం అనుమానమే రాలేదు. ఒకరోజు ఒక వైట్ వైన్ సీసా తిప్పి చూస్తే, వెనక లేబుల్ కింది అంచున, చీమల్లాంటి అక్షరాల్లో "పాలు ఉన్నాయి" అని కనపడింది. ప్రింటింగ్ తప్పేమో అనుకుని అదే రకం ఇంకో సీసా చూశాను. దాని మీదా అదే మాట. పక్కనున్న వేరే కంపెనీ సీసా మీద అలాంటిదేమీ లేదు. హమ్మయ్య అనుకుని అది తెచ్చుకున్నాను. కొన్ని వారాల తర్వాత తెలిసింది, దాన్ని చేప తిత్తితో తేర్చారని.

పాలు అని రాసిన సీసా ఉన్నమాట చెప్పింది. ఏమీ రాయని సీసాను నేనే నమ్మి మోసపోయాను. వీగన్ వైన్ ఎంచుకోవడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. రంగు చూసి చెప్పలేం, ద్రాక్ష రకం చూసి చెప్పలేం, ధర చూసి అసలే చెప్పలేం. ఆర్గానిక్ ముద్ర కూడా ఈ విషయంలో ఏమీ తేల్చదు. తేలాలంటే ఒక్కటే ప్రశ్న: ఈ వైన్‌ని దేనితో తేర్చారు?

తేర్చడం ఎందుకు, దేనితో

పులియడం అయిపోయాక కొత్త వైన్ తేటగా ఉండదు. చచ్చిన ఈస్ట్, ద్రాక్ష గుజ్జు తునకలు, ప్రోటీన్లు, టానిన్లనే వగరు పదార్థాలు అందులో తేలుతుంటాయి. బరువైనవి వాటంతట అవే అడుగుకు దిగి మడ్డి కడతాయి. మరీ సన్నటివి నెలల తరబడి దిగవు. వాటిని అలాగే వదిలి సీసాలో పోస్తే, ఎప్పుడో కాస్త వేడి తగిలినప్పుడు ప్రోటీన్లు ముద్దకట్టి వైన్ మసకబారుతుంది. తాగితే ప్రమాదమేమీ లేదు. కానీ గ్లాసులో మబ్బు పట్టినట్టున్న వైట్ వైన్‌ని చూస్తే కొన్నవాళ్లు చెడిపోయిందని తిరిగి ఇచ్చేస్తారు. రెడ్ వైన్‌లో ఇంకో సమస్య: టానిన్లు ఎక్కువైతే నాలుక మీద వగరు పట్టేస్తుంది.

బురద నీళ్లలో పటిక తిప్పితే మట్టి కిందికి దిగి పైన తేట నీరు మిగులుతుంది కదా, వైన్‌లోనూ అదే పని చేస్తారు. దీన్ని ఫైనింగ్ అంటారు. ఒక పదార్థాన్ని వైన్‌లో కలుపుతారు. అది మసకకు, వగరుకు కారణమైనవాటిని పట్టుకుని, వాటితో పాటు అడుగుకు చేరుతుంది. పైనున్న తేటను వేరే పీపాలోకో ట్యాంకులోకో వంచేస్తారు. ఇదంతా విద్యుదావేశాల ఆట. జెలటిన్ లాంటి ప్రోటీన్లకు వైన్‌లో ధనావేశం ఉంటుంది, అవి రుణావేశమున్న టానిన్లను లాక్కుంటాయి. బెంటొనైట్ అనే బంకమట్టికి రుణావేశం, అది ప్రోటీన్లను లాక్కుంటుంది. అంటే ఈ పనికి జంతువే కావాలన్న నియమమేమీ లేదు. తగిన ఆవేశం, తగిన అంటుకునే గుణం ఉంటే చాలు. జంతు పదార్థాలు వాడుకలోకి వచ్చింది అవి పాతకాలం నుంచి చేతికి అందుబాటులో ఉన్నాయి కాబట్టి.

వాటిలో నాలుగు ముఖ్యమైనవి. మొదటిది గుడ్డు తెల్లసొన. మేలైన రెడ్ వైన్‌ల వగరు తగ్గించడానికి దీన్నే ఎక్కువగా నమ్ముకుంటారు. 225 లీటర్ల ఓక్ పీపాకు మామూలుగా అయిదారు గుడ్లు పడతాయి. తెల్లసొనను పచ్చసొన నుంచి వేరు చేసి, చిటికెడు ఉప్పు వేసి, నురగ రాకుండా మెల్లగా గిలకొట్టి, పీపా పైనున్న కంత లోంచి పోసి కలుపుతారు. కొన్ని రోజుల్లో తెల్లటి పోగుల్లాంటివి టానిన్లను మోసుకుంటూ కిందికి దిగుతాయి. ఫ్రాన్స్‌లోని బోర్డో, స్పెయిన్‌లోని రియోహా లాంటి చోట్ల కొన్ని పాత వైనరీలు ఇప్పటికీ తాజా గుడ్లు పగలగొట్టే ఈ పని చేస్తాయి. వాళ్లు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు కూడా. ఒక్కో పీపాకు అయిదారంటే, వందల పీపాలున్న వైనరీలో లెక్క వేలల్లోకి వెళ్తుంది. ఆ లెక్క వేసి చూశాకే "చిటికెడు తెల్లసొన ఎంతలే" అన్న మాట నా నోట మళ్లీ రాలేదు.

రెండోది కేసీన్, పాలలోని ప్రోటీన్. వైట్ వైన్, లేత గులాబీ రంగుండే రోజే వైన్ గాలి తగిలి గోధుమ రంగుకు తిరిగితే, చేదు ఎక్కితే దీన్ని వాడతారు. కొన్నిచోట్ల నేరుగా వెన్న తీసిన పాలే పోస్తారు. మూడోది జెలటిన్, పశువులు, పందుల ఎముకలూ చర్మాలూ ఉడికించి తీసేది. నాలుగోది ఐసింగ్లాస్. చేప పొట్టలో ఉండే గాలితిత్తిని ఎండబెట్టి తయారుచేస్తారు. ఒకప్పుడు స్టర్జన్ చేపలది వాడేవాళ్లు, తర్వాత వేరే చేపలవీ వచ్చాయి. వైట్ వైన్‌కి అద్దంలాంటి మెరుపు తెస్తుందని దీనికి పేరు. పశువుల రక్తపు పొడి కూడా ఒకప్పుడు వాడేవాళ్లు. పిచ్చి ఆవు వ్యాధి భయంతో 1990ల్లో యూరప్‌లో దాన్ని నిషేధించారు.

తేర్చడంతో సంబంధం లేకుండా వచ్చేది ఇంకొకటి ఉంది, లైసోజైమ్. గుడ్డు తెల్లసొన నుంచి తీసే ఈ ఎంజైమును వైన్‌లో బ్యాక్టీరియా పెరగకుండా కలుపుతారు. దీని సంగతి చాలామందికి తెలియదు. "మేం ఫైనింగే చేయం" అన్న వైనరీ కూడా దీన్ని వాడి ఉండొచ్చు.

ఇవన్నీ అడుగుకు దిగిపోతాయి, సీసాలోకి రావు, ఇంకా అభ్యంతరమెందుకు అని కొందరంటారు. చాలావరకు దిగిపోయేమాట నిజమే, మిగిలినా అతి స్వల్పం. కానీ వీగన్‌గా ఉండటమంటే కడుపులోకి ఏం వెళ్లిందన్న లెక్క ఒక్కటే కాదు, ఆ వస్తువు తయారీకి జంతువును వాడారా లేదా అన్నది. వాడారు. నాకు ఆ ఒక్కమాట చాలు.

జంతువు లేకుండా ఎలా తేరుస్తారు

అన్నిటికన్నా పాత పద్ధతి కాలానికి వదిలేయడం. చల్లటి గదిలో నెలల తరబడి కదపకుండా ఉంచి, మడ్డి దిగినప్పుడల్లా పైతేటను వేరే పీపాలోకి మార్చుకుంటూ పోతే చాలా వైన్‌లు వాటంతట అవే తేరుకుంటాయి. రుచికి ఇంతకన్నా మంచి దారి లేదని నా అభిప్రాయం. అయితే ఇందులో పీపాలూ చోటూ చాలాకాలం బందీ అయిపోతాయి. కోతకోసిన కొద్ది నెలలకే సీసాలు నింపి పంపాల్సిన వైనరీకి ఇది కుదరదు.

తొందర ఉన్నచోట ఎక్కువగా వాడేది బెంటొనైట్. అగ్నిపర్వతపు బూడిద నుంచి ఏర్పడిన బంకమట్టి ఇది. వైట్ వైన్‌లో ప్రోటీన్ మసకను పోగొట్టడంలో దీనికి సాటి లేదు. ప్రపంచంలో వైట్ వైన్‌లలో చాలా భాగం దీని చేతుల మీదుగానే వెళ్తుంది. ఎక్కువ వేస్తే సువాసన కొంత లాగేస్తుంది, ఉబ్బిన మట్టితో పాటు కొంత వైన్ కూడా మడ్డిలో పోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బెంటొనైట్ వాడిన వైన్‌కి ఐసింగ్లాస్ కూడా వాడి ఉండొచ్చు. మట్టి ప్రోటీన్‌ని తీస్తుంది, చేప తిత్తి మెరుపునిస్తుంది, రెండూ వేర్వేరు పనులు. కాబట్టి "బెంటొనైట్ వాడాం" అన్న జవాబుతో ఆగిపోకుండా, ఇంకేమైనా వాడారా అని అడగాలి.

వగరు తగ్గించడానికి గుడ్డుకూ జెలటిన్‌కూ బదులు బఠాణీ ప్రోటీన్, బంగాళాదుంప ప్రోటీన్ వచ్చాయి. ఈస్ట్ నుంచి తీసిన ప్రోటీన్లు కూడా ఉన్నాయి. గోధుమరంగు, చేదు తీయడానికి కేసీన్ బదులు పీవీపీపీ అనే కృత్రిమ పాలిమర్ వాడతారు. అది వైన్‌లో కరగదు, వడపోతలో బయటికి పోతుంది. జంతువు లేదు కాబట్టి వీగనే. ప్లాస్టిక్ జాతి పదార్థం నా వైన్‌ని తాకకూడదు అనుకునేవాళ్లు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఉత్తేజిత బొగ్గు చెడు వాసన తీస్తుంది, దాంతోపాటు మంచి వాసన కూడా. సిలికా, సెల్యులోజ్ సహాయపాత్రలు.

కైటోసాన్ అనే తేర్చే పదార్థం గురించి కాస్త జాగ్రత్త. ఇది రొయ్యల, పీతల పెంకుల నుంచి వస్తుంది, బూజు నుంచి కూడా వస్తుంది. యూరప్‌లో వైన్‌కు అనుమతి ఉన్నది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసినదానికి. మిగతా చోట్ల, ముఖ్యంగా ఇంట్లో వైన్ చేసుకునేవాళ్లకు అమ్మే ప్యాకెట్లలో, పెంకుల నుంచి తీసింది మామూలుగా కనిపిస్తుంది. పేరు ఒకటే కాబట్టి మూలం అడగకుండా నిర్ణయించకూడదు.

ఏ రకం వైన్‌లో అవకాశం ఎక్కువ

ఏ సమాచారమూ దొరకనప్పుడు వైన్ రకాన్ని బట్టి ఒక అంచనాకు రావొచ్చు. అంచనా మాత్రమే, హామీ కాదు.

నాకు అన్నిటికన్నా నమ్మకంగా అనిపించేది తొక్కలతో కలిపి పులియబెట్టిన వైట్ వైన్, ఆరెంజ్ వైన్ అంటారు. తొక్కల్లోంచి వచ్చిన టానిన్లు రసంలోని ప్రోటీన్లను పట్టుకుని అవే కిందికి దిగుతాయి. పైగా ఈ వైన్ కాస్త మసకగా ఉన్నా తాగేవాళ్లు పట్టించుకోరు. తేర్చాల్సిన ఒత్తిడే తయారీదారు మీద ఉండదు. వీటికి పుట్టిల్లు జార్జియా. అక్కడ భూమిలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానల్లో పులియబెడతారు. ఆ సంప్రదాయానికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయితే ఆ బానల లోపలి గోడకు తేనెమైనం పూస్తారు. బాన వెచ్చగా ఉండగానే రాస్తే మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకి, వైన్ బయటికి కారిపోకుండా ఆపుతుంది. గుడ్డు లేదు, పాలు లేవు, చేప లేదు, కానీ తేనెటీగ ఉంది. తేనె కూడా ముట్టనివాళ్లు ఈ సంగతి తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి.

తర్వాత, ఎక్కువకాలం పీపాలో ఊరే రెడ్ వైన్‌లు. కాలమే సగం పని చేసేస్తుంది కాబట్టి చాలామంది తేర్చకుండానే సీసాలో పోస్తారు. కానీ గుడ్డు సంప్రదాయం బలంగా ఉన్నది కూడా ఈ తరగతిలోనే. కాబట్టి ఖరీదైన, పేరున్న రెడ్ వైన్ అంటే ఎటైనా కావొచ్చు. త్వరగా తాగడానికి చేసే లేత రెడ్ వైన్‌లలో జెలటిన్‌కు అవకాశం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో చాలావరకు బఠాణీ ప్రోటీన్ వైపు మళ్లుతున్నారు. అంటే ఒక్కోసారి చవక సీసా వీగన్, పక్కనున్న ఘనమైన సీసా కాదు.

లేత వైట్ వైన్‌లు, రోజేలు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే రకం. రంగు, మెరుపు, తాజాదనం మీదే వీటి అమ్మకం నడుస్తుంది. కేసీన్, ఐసింగ్లాస్ వాడకం కూడా ఇక్కడే ఎక్కువ. సమాచారం లేకుండా వీటిని కొనను.

నురగ వైన్‌ల సంగతి కొంత మెరుగు. షాంపేన్ పద్ధతిలో సీసాలోనే రెండోసారి పులిసిన తర్వాత, ఈస్ట్ మడ్డిని సీసా మెడలోకి దించడానికి కొద్ది కొద్దిగా తిప్పుతారు. ఆ మడ్డి సాఫీగా జారడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది బెంటొనైట్, సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్. రెండూ వీగనే. అయితే మొదట తయారయ్యే మూల వైన్‌ని దేనితో తేర్చారన్నది వేరే ప్రశ్న. అది అడగాల్సిందే.

పోర్ట్ అనే పోర్చుగల్ తియ్యటి వైన్‌లో తేడా స్పష్టంగా ఉంటుంది. రూబీ, టానీ రకాలను తేర్చి, వడకట్టి అమ్ముతారు, జెలటిన్ మామూలే. వింటేజ్ పోర్ట్ మాత్రం సుమారు రెండేళ్లు పీపాలో ఉంచి, సాధారణంగా తేర్చకుండా, వడకట్టకుండా సీసాలో పోస్తారు. అందుకే అందులో అంత మడ్డి ఉంటుంది. దక్షిణ స్పెయిన్ వైన్ అయిన షెర్రీకి తెల్లసొన పాత సంప్రదాయం. ఆ ప్రాంతంలో మిగిలిన పచ్చసొనలను కాన్వెంట్లకు ఇచ్చేవాళ్లట, అక్కడి సన్యాసినులు వాటితో మిఠాయిలు చేసేవాళ్లట.

లేబుల్ మీది మాటలు: ఏది ఎంత చెబుతుంది

అన్నిటిలోకీ గట్టిది వీగన్ ధ్రువీకరణ ముద్ర. వీగన్ సొసైటీ 1944లో బ్రిటన్‌లో మొదలైంది, దాని పొద్దుతిరుగుడు పువ్వు గుర్తు 1990 నుంచి ఉంది. యూరప్‌లో ఎక్కువగా కనిపించేది వీ-లేబుల్, ఆకు మొలిచిన వీ అక్షరం. దీన్ని మాత్రం కళ్లు పెట్టుకుని చదవాలి. అదే గుర్తు కింద "వీగన్" అని ఉండొచ్చు, "వెజిటేరియన్" అని ఉండొచ్చు. వెజిటేరియన్ అంటే గుడ్డుకూ పాలకూ తలుపు తెరిచినట్టే. గుర్తు చూసి తీసుకోవద్దు, గుర్తు కింది మాట చూసి తీసుకోండి. ముద్ర లేకుండా వైనరీ తనంతట తాను "వీగన్‌లకు అనుకూలం" అని రాసినా నేను నమ్ముతాను. ముద్రకు డబ్బు కట్టలేని చిన్న వైనరీలు చాలా ఉంటాయి.

ఆ తర్వాతి స్థానం "తేర్చలేదు" అన్న మాటది. ఫ్రెంచి లేబుల్ మీద నాన్ కొలే, స్పానిష్‌లో సిన్ క్లారిఫికార్, ఇటాలియన్‌లో నాన్ కియారిఫికాతో అని ఉంటుంది. దీన్ని "వడకట్టలేదు" అన్న మాటతో కలిపేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఫ్రెంచిలో నాన్ ఫిల్త్రే అంటే వడకట్టలేదని మాత్రమే. వడకట్టడం జల్లెడ పని, దానికి జంతువుతో సంబంధం లేదు. గుడ్డుతో తేర్చి వడకట్టకుండా సీసాలో పోసిన వైన్ మీద "వడకట్టలేదు" అని నిజాయితీగానే రాయొచ్చు. అది వీగన్ కాదు. తేర్చకుండా వడకట్టినది, లైసోజైమ్ లాంటిది వాడకపోతే, వీగనే. చూడాల్సింది మొదటి మాట.

అలర్జీ హెచ్చరిక ఒకవైపే పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2012 నుంచి, తేర్చడానికి వాడిన గుడ్డు, పాలు పరీక్షలో దొరికే స్థాయిలో మిగిలితే లేబుల్ మీద చెప్పాలి. ఆ గీత లీటరుకు 0.25 మిల్లీగ్రాములు. అంతకు తక్కువైతే చెప్పక్కర్లేదు. ఐసింగ్లాస్ చేపదే అయినా వైన్‌లో దానికి మినహాయింపు ఉంది. జెలటిన్ అసలు అలర్జీ జాబితాలోనే లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కూడా పాలు, గుడ్డు చెప్పాలి, ఐసింగ్లాస్‌కు మినహాయింపు. అమెరికాలో వైన్ మీద అలర్జీ సమాచారం ఐచ్ఛికం. కాబట్టి "పాలు ఉన్నాయి", "గుడ్డు ఉంది" అని కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టేయొచ్చు. కనిపించకపోతే దాన్నుంచి ఏ అర్థమూ తీయకూడదు. మొదట్లో నేను దెబ్బతిన్నది ఇక్కడే.

2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్‌లకు యూరప్‌లో పదార్థాల జాబితా తప్పనిసరి అయింది. లేబుల్ మీద లేకపోతే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఇక చింత తీరినట్టే అని ఆ వార్త విన్నప్పుడు సంబరపడ్డాను. తీరలేదు. తేర్చే పదార్థాలను తయారీలో సహాయకాలుగా లెక్కిస్తారు, అలర్జీ కలిగించేవి తప్ప మిగతావి జాబితాలోకి రానక్కర్లేదు. ద్రాక్ష, సల్ఫైట్ (వైన్ చెడకుండా కలిపేది), గమ్ అరబిక్ (తుమ్మజిగురు) అని మూడే పేర్లున్న ముచ్చటైన జాబితా వెనక జెలటిన్ ఉండొచ్చు. చట్టం అడగకపోయినా చెప్పేవాళ్లూ లేకపోలేదు. కాలిఫోర్నియాలోని రిడ్జ్ వైన్‌యార్డ్స్ 2011 పంట నుంచి వెనక లేబుల్ మీద అన్నీ రాస్తోంది. కొన్ని వైన్‌లకు తాజా గుడ్డు తెల్లసొన వాడామని కూడా దాచకుండా రాస్తుంది. ఆ సీసాలు నేను తాగను, అయినా ఆ లేబుల్ అంటే నాకు గౌరవం.

ఆర్గానిక్ అన్న మాట ద్రాక్ష సాగు గురించి చెబుతుంది, వైనరీలో కొన్ని రసాయనాల పరిమితి గురించి చెబుతుంది. యూరప్ ఆర్గానిక్ నియమాల్లో గుడ్డు, కేసీన్, జెలటిన్, ఐసింగ్లాస్ అన్నిటికీ అనుమతి ఉంది. "నేచురల్" అన్న వైన్‌లను చాలావరకు తేర్చరు, అందుకని అవకాశం బాగానే ఉంటుంది. కాకపోతే ఆ మాటకు అన్ని దేశాల్లోనూ చెల్లే ఒక నిర్వచనం లేదు.

బయోడైనమిక్: అసలు పరీక్ష ఇక్కడ

మంచి మనసుతో చేసిన వైన్ అని చాలామంది వీగన్లు ముందుగా చేయి వేసేది బయోడైనమిక్ సీసా మీదే. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన నిర్ణయమూ ఇదే. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన సాగు పద్ధతి ఇది. నేలను ప్రాణమున్నదానిగా చూస్తుంది, రసాయన ఎరువుల్ని, పురుగుమందుల్ని దూరం పెడుతుంది. ఆ తోటల్లో నడిస్తే గడ్డి, పూలు, పురుగులు, పిట్టలు నిజంగానే కనపడతాయి. అయితే తోటలో వాడే దాని తయారీలు చూడండి, ఒక్కోదానికి ఒక నంబరుంటుంది. 500 అనే నంబరున్నది: ఆవు కొమ్ములో పేడ నింపి, చలికాలమంతా నేలలో పాతిపెట్టి, తర్వాత తీసి నీళ్లలో కలిపి చల్లుతారు. 501: అదే కొమ్ములో పలుగురాతి పొడి. 502: మగ దుప్పి మూత్రకోశంలో యారో పూలు. 503: ఆవు పేగులో చామంతి జాతి పూలు. 505: పెంపుడు జంతువు పుర్రెలో ఓక్ బెరడు. దురదగొండి లాంటి నెటిల్ మొక్కతో చేసే 504కూ, వలేరియన్ పూలరసంతో చేసే 507కూ జంతువు అవయవం అక్కర్లేదు.

వైన్‌లోకి వీటిలో ఏదీ రాదు. బఠాణీ ప్రోటీన్‌తో తేర్చిన బయోడైనమిక్ వైన్ మీద వీగన్ ముద్ర కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ముద్ర సీసాలోని ద్రవం సంగతి చెబుతుంది, తోటలో పాతిన కొమ్ము సంగతి చెప్పదు. మామూలు తోటల్లో కూడా పశువుల ఎరువు, ఎముకల పొడి, చేపల ఎరువు వాడతారు కదా, తేడా ఏముంది అని వాదించొచ్చు. నిజానికి మనం తినే కూరగాయల్లో ఎక్కువభాగం అలాంటి నేలలోనివే. నేను గీసుకున్న గీత ఇది: పేడ ఎరువుకు అభ్యంతరం పెట్టుకోను, పెట్టుకుంటే తినడానికి ఏమీ మిగలదు. పేగు, పుర్రె, మూత్రకోశం వాడటమే పద్ధతిలో భాగమైనచోట మాత్రం ఆగుతాను. మీరు ఇంకోచోట గీసుకోవచ్చు. గీత ఎక్కడుందో తెలిసి గీసుకుంటే చాలు.

మూత, జిగురు, మైనం

సీసా బయటి సంగతులు పెద్దవి కావు గానీ చెప్పాలి. లేబుల్ అంటించే జిగురుల్లో కేసీన్‌తో చేసినవి ఉన్నాయి, ఐస్ నీళ్లలో పెట్టినా లేబుల్ ఊడదని వాటిని వాడతారు. కార్క్ ముక్కల్ని కలిపి అచ్చుపోసిన కార్క్‌లలో కొన్నిటికి తేనెమైనం చేరుస్తారు. సీసా మూతి మీద ముద్రలా పోసే మైనంలో కూడా తేనెమైనం ఉండొచ్చు. వీటిని తప్పించుకోవాలంటే మరతిప్పే మూత ఉన్న సీసా తేలిక దారి. జిగురు గురించి నేను వెతకను. ఒక మనిషి ఓపికకు హద్దు ఉంటుంది, ఆ ఓపికను ఐసింగ్లాస్ గురించి అడగడానికి దాచుకుంటాను.

పేర్లు చూసి బెదిరిపోనక్కర్లేనివీ ఉన్నాయి. షార్డొనే అనే వైట్ వైన్ గురించి రాసేటప్పుడు "వెన్న రుచి" అంటారు. అందులో వెన్న లేదు. బ్యాక్టీరియా వైన్‌లోని పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు డయాసిటిల్ అనే పదార్థం పుడుతుంది, ఆ వాసన వెన్నను గుర్తుచేస్తుంది. హంగరీలోని ఎగ్రి బికావేర్ అంటే ఎగర్ ఊరి ఎద్దు నెత్తురు, పేరులోనే తప్ప అందులో నెత్తురు లేదు. జర్మనీ వాళ్ల లీబ్‌ఫ్రౌమిల్ష్‌లో "పాలు" అన్న మాట ఉంది, పాలు లేవు. ఈస్ట్ బూజు జాతిది, దాని గురించి బెంగ అక్కర్లేదు. వీగన్ అంటే సల్ఫైట్ లేదని కాదు, ఆల్కహాల్ చేసే చెడు తగ్గుతుందనీ కాదు. అవి వేరే లెక్కలు.

ఎలా అడగాలి

ఒక వైనరీకి నేను మొదటిసారి రాసినప్పుడు "మీ వైన్ వీగనా?" అని అడిగాను. "అవును, మా వైన్‌లో ద్రాక్ష తప్ప ఏమీ ఉండదు" అని మర్యాదగా జవాబొచ్చింది. ఎందుకో తృప్తి కలగక, తేర్చడానికి ఏం వాడతారని మళ్లీ రాశాను. "ఐసింగ్లాస్, కొద్దిగా" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల దృష్టిలో అది వైన్‌లో ఉండేది కాదు, వచ్చి వెళ్లిపోయేది. అప్పటి నుంచి నా ప్రశ్న మారింది: "ఫలానా వైన్, ఫలానా సంవత్సరం పంట. రసం దశ నుంచి సీసా నింపేదాకా గుడ్డు, పాలు, జెలటిన్, ఐసింగ్లాస్, లైసోజైమ్, పెంకుల కైటోసాన్ వీటిలో ఏదైనా వాడారా?" ఇలా పేర్లతో అడిగితే తప్పించుకోవడానికి దారి ఉండదు, పొరబడటానికీ దారి ఉండదు. చిన్న వైనరీల నుంచి ఒక్కోసారి వైన్ చేసిన మనిషే జవాబు రాస్తారు.

పంట సంవత్సరం అడగడం మర్చిపోవద్దు. ఒక ఏడాది ద్రాక్షలో వగరు ఎక్కువైతే గుడ్డు వాడి, మరుసటి ఏడాది అవసరం లేక మానేసిన వైన్‌లు ఉంటాయి. లేబుల్ అదే, పేరు అదే, సంగతి వేరు. బార్నివోర్ అనే ఆన్‌లైన్ జాబితాలో బీర్లు, వైన్‌లు, ఇతర మద్యాల వీగన్ వివరాలు వేలల్లో ఉన్నాయి. వాడుకరులు కంపెనీలకు రాసి తెప్పించిన జవాబులవి. నేను ముందుగా చూసేది దాన్నే, కానీ జవాబు తేదీ కూడా చూస్తాను. పాతదైతే మళ్లీ రాస్తాను. అడిగితే ఏం ఒరుగుతుంది అనుకోవద్దు. గిన్నెస్ బీర్‌ని ఎన్నో తరాలుగా చేప తిత్తితోనే తేర్చేవాళ్లు. ఆ పద్ధతి మానేస్తామని 2015లో ఆ కంపెనీ ప్రకటించింది, మానేసింది కూడా.

చేతిలో ఎంత సమాచారం ఉంటే అంత

వీగన్ ముద్ర ఉన్న సీసా, "తేర్చలేదు" అని రాసిన సీసా పక్కపక్కన ఉంటే, నేను రుచిని బట్టి తీసుకుంటాను. బానలో ఊరినదా, లైసోజైమ్ ఉందా అన్న సందేహాలు వచ్చేంత కచ్చితంగా ఉండేవాళ్లకు ముద్ర ఉన్నదే మేలు. ఆర్గానిక్ సీసా, ఏ ముద్రా లేకపోయినా వీగన్ అని రాసిన మామూలు సీసా ఉంటే, రెండోదే. ఆర్గానిక్ కూడా కావాలనుకుంటే రెండు మాటలూ ఉన్నది వెతకండి, దొరుకుతున్నాయి.

హోటల్లో కూర్చున్నప్పుడు, మెనూలో వైన్ పేర్లు తప్ప ఏమీ లేనప్పుడు, వడ్డించే మనిషిని "ఇది వీగనా" అని అడిగి ఇబ్బంది పెట్టకుండా సీసా తెచ్చి చూపించమంటాను. వెనక లేబుల్ చదువుతాను, ఫోన్‌లో జాబితా చూస్తాను. ఏదీ తేలకపోతే తేర్చని ఆరెంజ్ వైన్ ఉందేమో అడుగుతాను. షాంపేన్ పద్ధతి నురగ వైన్ రెండో ఎంపిక. లేత రోజే, లేత వైట్ మాత్రం వద్దంటాను. ఇంకొకరు బహుమతిగా తెచ్చిన సీసా అయితే, తెచ్చినవాళ్ల ముందు విచారణ మొదలుపెట్టను. పక్కన పెట్టి, వాళ్లు వెళ్లాక వైనరీకి రాస్తాను.

ఇంట్లో కిట్‌తో వైన్ చేసుకునేవాళ్లకు ఒక్క మాట. డబ్బాలో చివరి దశకని రెండు చిన్న ప్యాకెట్లు వస్తాయి. చాలా కిట్లలో ఒకటి సిలికా ద్రావణం, రెండోది కైటోసాన్ లేదా ఐసింగ్లాస్. మొదటిది వాడుకోవచ్చు. రెండోది పెంకులదో చేపదో అయితే పక్కన పడేసి, బదులుగా బెంటొనైట్ తెచ్చుకోండి. గోరువెచ్చటి నీళ్లలో గంటల ముందే నానబెట్టి, ఉండలు లేకుండా కలిపి పోయండి. ఆ తర్వాత బాటిల్ నింపడం ఇంకో నెల వాయిదా వేయండి. చల్లటి మూలలో కదపకుండా ఉంచితే, రెండో ప్యాకెట్ చేయాల్సిన పనిలో చాలావరకు ఆ నెల రోజులే చేసిపెడతాయి.